దక్షిణ దిక్కు: బాబాసాహెబ్‌కు దారి చూపినవాళ్ళు, బాబాసాహెబ్ చూపిన దారి



మాది డొంకరాయి. సీలేరు నది మీద డ్యాం ఉన్న ఊరు. ప్రతి ఏడూ వానలు మొదలయ్యే రోజుల్లో మా చుట్టుపక్కల కొండ ఊళ్ళ నుంచి నలుగురో ఐదుగురో పిల్లలు డిగ్రీకనీ, యూనివర్సిటీకనీ కొండ దిగుతారు. కోయ పిల్లలు, కొండరెడ్డి పిల్లలు, వాల్మీకి పిల్లలు. వాళ్ళ ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కుతున్న మొదటి మనుషులు వాళ్ళే. అమ్మానాన్నలు, చిన్నపిల్లలు, అందరం బస్సు దాకా వెళ్ళి సాగనంపుతాం.

సంక్రాంతికి వాళ్ళు ఇంటికొస్తారు. పండగ అయ్యాక మళ్ళీ బస్సెక్కేటప్పుడు లెక్కపెడితే ఒకరిద్దరు తక్కువుంటారు. ఏరా, వెళ్ళలేదా అంటే తలొంచుకుంటారు. పోడులో పని ఉందంటారు. ఇంకొంచెం గట్టిగా అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. వాడికి తెలివి తక్కువై కాదు. డబ్బు ఇబ్బంది ఉంది, కానీ అదొక్కటే కాదు. అక్కడ ఒక మాట అడగడానికి మనిషి లేడు. అంతే.

నేనూ అట్లా కొండ దిగినవాణ్ణే. బి.ఏ. చదివాను. మొదటి ఏడాది ఒక పేపర్ పోయింది. ఎందుకు పోయిందో అడుగుదామని ఒక లెక్చరర్ గారి గది ముందు మూడుసార్లు నిలబడ్డాను. మూడుసార్లూ తలుపు తట్టకుండా వెనక్కి వచ్చేశాను. ఆయన మంచివాడో కాదో నాకిప్పటికీ తెలియదు. తలుపు తట్టొచ్చు అని నాకు చెప్పినవాళ్ళు లేరు. నలభై ఏళ్ళు దాటాక కూడా ఆ తలుపు నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

అందుకే ఈ చిన్న పుస్తకంలో బాబాసాహెబ్ అంబేడ్కర్ జీవితాన్ని ఒక్క వైపు నుంచి చెప్పుకుందాం. రాజ్యాంగం సంగతి, మహద్ చెరువు సంగతి, పూనా ఒప్పందం సంగతి మీకు తెలుసు. ఆయన ఒకప్పుడు విద్యార్థి. తర్వాత ప్రొఫెసర్. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆయన చెయ్యి ఎవరు పట్టుకున్నారు? ప్రొఫెసర్ అయ్యాక ఆయన ఎవరికి ఎట్లా చెయ్యి అందించాడు? అదే ఇక్కడి విషయం.

సిగాలుడికి చెప్పిన మాట

ముందు మన బుద్ధ భగవానుడి దగ్గరికి వెళ్దాం. రాజగృహంలో సిగాలుడు అనే గృహస్థ యువకుడు పొద్దున్నే తడిబట్టలతో ఆరు దిక్కులకూ దండాలు పెడుతుంటాడు. ఎందుకంటే నాన్న చెప్పి పోయాడు కాబట్టి. బుద్ధుడు అతన్ని వెక్కిరించలేదు. దిక్కులంటే ఆకాశంలో ఉండేవి కావు, నీ చుట్టూ ఉన్న మనుషులే అని విడమరిచి చెప్పాడు. తూర్పు తల్లిదండ్రులు. దక్షిణం గురువులు. పడమర ఆలుబిడ్డలు. ఉత్తరం స్నేహితులు. కింద పనివాళ్ళు. పైన శ్రమణులు, పండితులు. దీన్నే సిగాలోవాద సుత్తం అంటారు.

అందులో దక్షిణ దిక్కు గురించి చెప్పింది గమనించండి. శిష్యుడు గురువుకి ఏం చెయ్యాలో చెప్పి ఊరుకోలేదు. గురువు శిష్యుడికి చెయ్యాల్సినవి కూడా ఐదు చెప్పాడు. బాగా తర్ఫీదు ఇవ్వాలి. అర్థమయ్యేదాకా చెప్పాలి. తనకు తెలిసిన విద్యలో ఏదీ దాచుకోకూడదు. తన స్నేహితుల దగ్గర, తోటివాళ్ళ దగ్గర శిష్యుడి గురించి మంచి మాట చెప్పాలి. అన్ని దిక్కుల్లోనూ అతనికి కాపుదల చూడాలి. మొదటి మూడూ పాఠం చెప్పడం గురించి. చివరి రెండూ పాఠం అయ్యాక చేసేవి. మన పిల్లలకు దొరకనివి ఎక్కువగా ఆ చివరి రెండే. ఈ ఐదింటినీ గుర్తుపెట్టుకుని బాబాసాహెబ్ జీవితం చూద్దాం.

తోటలో చదువుకునే కుర్రాడు

భీమరావు 1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంటులో పుట్టాడు. తండ్రి రాంజీ సైన్యంలో సుబేదారు, సైనికుల బడిలో పాఠాలు చెప్పినవాడు. సతారాలో బడికి వెళ్ళినప్పుడు భీముడు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద వేరుగా కూర్చునేవాడు. దాహమైతే కుళాయి తాను తిప్పకూడదు. ప్యూన్ వచ్చి తిప్పాలి. ప్యూన్ లేని రోజు నీళ్ళు లేవు. ఈ సంగతి మనకు కొత్త కాదు.

కుటుంబం బొంబాయికి మారాక వాళ్ళుండేది ఇరుకైన చాల్ గదిలో. అక్కడ చదువు సాగదు. అందుకని కుర్రాడు చర్నీ రోడ్ దగ్గరి తోటలో కూర్చుని పుస్తకాలు చదువుకునేవాడు. అదే తోటకు కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే పెద్దాయన రోజూ వచ్చేవాడు. ఆయన బడి పంతులు, రచయిత. ఎవరీ కుర్రాడు అని తానే పలకరించాడు. పుస్తకాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. కుర్రాడు వెళ్ళి తలుపు తట్టలేదు. పెద్దాయనే లేచి కుర్రాడి దగ్గరికి వచ్చాడు.

1907లో భీమరావు మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. ఆ రోజుల్లో అంటరాని కులపు పిల్లవాడికి అది మామూలు విషయం కాదు. ఎస్.కె. బోలే అధ్యక్షతన సన్మాన సభ పెట్టారు. ఆ సభలో కేలూస్కర్ తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవితచరిత్రను ఆ కుర్రాడి చేతిలో పెట్టాడు. తాను బుద్ధుడి వైపు తిరగడానికి ఆ పుస్తకమే మొదలని బాబాసాహెబ్ 1956లో, చనిపోయే ఏడాది, రాసుకున్నాడు. ఒక బడి పంతులు ఇచ్చిన పుస్తకం మొలకెత్తి, 49 ఏళ్ళకు నాగపూర్‌లో లక్షలమంది దీక్షగా పండింది.

కేలూస్కర్ అంతటితో ఆగలేదు. ఇంటర్ అయ్యాక ఇంట్లో డబ్బులేక చదువు ఆగిపోయేలా ఉంటే బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరికి తీసుకెళ్ళి మాట చెప్పాడు. నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది. సుత్తంలోని నాలుగో పని, మంచి మాట చెప్పడం, అంటే ఇదే. ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో ముల్లర్ అనే ప్రొఫెసర్ పుస్తకాలిచ్చాడు, బట్టలిచ్చాడు. అదే కాలేజీ హోటలాయన టీ గానీ నీళ్ళు గానీ ఇచ్చేవాడు కాదు. ఒకే ఆవరణలో రెండు రకాల మనుషులు. భీమరావు 1912లో బి.ఏ. పాసయ్యాడు.

సెలిగ్మన్ ఇవ్వని జవాబు

1913 జూలైలో బరోడా స్కాలర్‌షిప్ మీద బాబాసాహెబ్ న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో అడుగుపెట్టాడు. అంతకు కొద్ది నెలల ముందే, ఫిబ్రవరిలో, తండ్రి చనిపోయాడు. కొలంబియాలో ఆయనకు ఆర్థికశాస్త్రంలో గురువు ఎడ్విన్ సెలిగ్మన్, తత్వశాస్త్రంలో గురువు జాన్ డ్యూయీ.

సెలిగ్మన్ గురించి ఒక చిన్న సంగతి చెప్తారు. పరిశోధన ఏ పద్ధతిలో చెయ్యాలో చెప్పమని బాబాసాహెబ్ ఆయన్ని అడిగాడు. ఆయన పద్ధతి చెప్పలేదు. నీ పని నువ్వు మనసుపెట్టి చేసుకుంటూ పో, చేస్తూ చేస్తూ ఉంటే నీ పద్ధతి నీకే దొరుకుతుంది అన్నట్టుగా చెప్పి పంపాడు.

మొదటిసారి వింటే ఇదేం గురువు, జవాబు చెప్పకుండా పంపేశాడు అనిపిస్తుంది. నాకూ అట్లాగే అనిపించింది. కానీ చూడండి, ఆయన శిష్యుణ్ణి వదిలెయ్యలేదు. 1916లో బాబాసాహెబ్ లండన్ వెళ్తుంటే అక్కడి ప్రొఫెసర్ ఫాక్స్‌వెల్‌కు పరిచయం చేస్తూ ఉత్తరం రాసిచ్చింది ఈ సెలిగ్మనే. అంటే, ఆలోచనలో చెయ్యి వదిలేశాడు, అవసరంలో చెయ్యి పట్టుకున్నాడు. ఈ తేడా తెలిసినవాడే గురువు. మనలో చాలామందిమి దీన్ని తలకిందులుగా చేస్తాం. నేను చెప్పినట్టే ఆలోచించు అంటాం, అవసరం వచ్చేసరికి కనపడం.

డ్యూయీ దగ్గర నేర్చుకున్నది ఇంకోటి. ఏ ఆచారాన్నైనా, ఏ నమ్మకాన్నైనా అది మనిషి బతుకులో ఏం చేస్తోందో చూసి తూచాలి, పాతది కాబట్టి నెత్తిన పెట్టుకోకూడదు. కాలాములకు బుద్ధుడు చెప్పిన దానికి ఇది ఎంత దగ్గరో మీకే తెలుస్తుంది. 1936లో కుల నిర్మూలన రాసినప్పుడు బాబాసాహెబ్ ఆ గురువు పేరు తలుచుకుని తన రుణం ఒప్పుకున్నాడు. 1952 జూన్ 5న కొలంబియా ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అందుకోడానికి వెళ్ళి డ్యూయీని చూడాలనుకున్నాడు. కానీ డ్యూయీ జూన్ 1నే కన్నుమూశాడు. తన ఆలోచనా జీవితమంతా ఆ గురువు పెట్టిన భిక్షే అనే అర్థం వచ్చేలా భార్య సవితాబాయికి ఉత్తరం రాశాడు. అప్పటికి ఆయన వయసు 61. రాజ్యాంగం రాసిన మనిషి. అయినా గురువు ముందు విద్యార్థే.

ఒప్పుకోని గురువు రాసిన ముందుమాట

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఆయన గురువు ఎడ్విన్ కానన్. స్కాలర్‌షిప్ గడువు అయిపోవడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. నాలుగేళ్ళలోపు వచ్చి పూర్తి చేసుకోడానికి యూనివర్సిటీ అనుమతి ఇచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడా ఉద్యోగంలో చేరితే అక్కడ ఉండడానికి గది దొరకలేదు. కులం దాచి పార్సీల సత్రంలో దిగితే కర్రలతో వచ్చి వెళ్ళగొట్టారు. ఇంత చదివిన మనిషి చెట్టు కింద కూర్చుని ఏడ్చాడు. తర్వాత బొంబాయిలో ఉద్యోగం చేసి డబ్బు కూడబెట్టి, పార్సీ స్నేహితుడు నావల్ భథేనా దగ్గర అప్పు తీసుకుని 1920లో మళ్ళీ లండన్ చేరాడు. బరోడాలో తరిమినవాళ్ళు పార్సీలే, అప్పిచ్చినవాడూ పార్సీయే. ద్వేషం పెట్టుకోకూడదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో పొద్దున్న తెరిచింది మొదలు మూసేదాకా చదివాడు. రూపాయి సమస్య మీద సిద్ధాంత గ్రంథం రాశాడు. బ్రిటిష్ ప్రభుత్వ ద్రవ్య విధానాన్ని అందులో గట్టిగా తప్పుపట్టాడు. పరీక్షకులు తిరిగి రాయమన్నారు. చేతిలో డబ్బు అయిపోయింది. 1923లో బొంబాయి తిరిగొచ్చి, ఇక్కడే మళ్ళీ రాసి పంపాడు. ఆ ఏడాదే డి.ఎస్‌సి. పట్టా వచ్చింది.

ఆ పుస్తకానికి ముందుమాట రాసింది కానన్. ఏమని రాశాడు? ఈ విధానం మీద అంబేడ్కర్‌కున్న వ్యతిరేకత నాకు లేదు, ఆయన వాదనల్లో ఎక్కువ వాటిని నేను ఒప్పుకోను అని మొహమాటం లేకుండా రాశాడు. కొన్ని చోట్ల మాత్రం ఆయన సూటిగా దెబ్బ కొట్టాడనీ, తప్పు అనిపించిన చోట కూడా ఆ ఆలోచనలోని తాజాదనం తనను కదిలించిందనీ అన్నాడు. శిష్యుడు తనతో విభేదించాడు. అయినా గురువు ఆ పుస్తకానికి తన పేరు అరువిచ్చాడు. నాకు తెలిసి బాబాసాహెబ్‌కు దొరికిన పట్టాలన్నిట్లోకీ విలువైన పట్టా ఈ ముందుమాటే.

మన వినయ పిటకంలోనూ ఈ సంగతే ఉంది. ఉపాధ్యాయుడు శిష్యుణ్ణి కొడుకులా చూడాలి, శిష్యుడు ఉపాధ్యాయుణ్ణి తండ్రిలా చూడాలి. శిష్యుడికి జబ్బు చేస్తే గురువే సేవ చెయ్యాలి. గురువుకి సందేహమో, తప్పు దృష్టో కలిగితే దాన్ని తొలగించే పని శిష్యుడిది. తెలివి, సామర్థ్యం ఉన్న భిక్షువు ఐదేళ్ళు గురువు నీడన ఉంటే చాలు, తర్వాత తన కాళ్ళ మీద తాను నిలబడొచ్చు. అంటే ధమ్మంలో గురువు పని శిష్యుణ్ణి తన దగ్గర కట్టేసుకోవడం కాదు, ఐదేళ్ళలో తనతో అవసరం లేకుండా చెయ్యడం.

సిడెన్‌హామ్ కాలేజీ నీళ్ళకుండ

ఇక బాబాసాహెబ్ గురువైన సంగతి. లండన్‌కు తిరిగి వెళ్ళేముందు, 1918 నవంబరు నుంచి 1920 మార్చి దాకా బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్ర ప్రొఫెసర్‌గా పని చేశాడు. మొదట్లో విద్యార్థులు ఈయనేం చెప్తాడులే అనుకున్నారు. స్టాఫ్ గదిలో ప్రొఫెసర్ల నీళ్ళకుండ ముట్టుకోవద్దని కొందరు తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పారు. కొలంబియా పట్టా ఉన్నా కుండ మాత్రం మైలపడుతుందట.

బాబాసాహెబ్ ఆ కోపాన్ని తరగతి గదిలోకి తీసుకురాలేదు. ప్రతి పాఠానికీ బాగా తయారై వచ్చేవాడు. కొద్ది రోజులకే బయటి కాలేజీల విద్యార్థులు కూడా అనుమతి తీసుకుని ఆయన పాఠాలకు వచ్చి కూర్చున్నారు. సుత్తంలోని మొదటి మూడు పనులూ ఇవే. బాగా నేర్పడం, అర్థమయ్యేలా చెప్పడం, దాచుకోకపోవడం. నన్ను అవమానించినవాళ్ళ పిల్లలే కదా అని సగం చెప్పి సగం మింగలేదు.

తర్వాత 1928లో బొంబాయి ప్రభుత్వ లా కాలేజీలో ప్రొఫెసర్‌గా కొంతకాలం పని చేశాడు. 1935 జూన్ 1న అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు. అంతకు ఐదు రోజుల ముందే, మే 27న, రమాబాయి చనిపోయింది. ఆ దుఃఖం గుండెలో పెట్టుకుని పని మొదలుపెట్టి 1938 దాకా ఆ కాలేజీ నడిపాడు.

అన్ని దిక్కుల కాపుదల

ఐదో పని అన్నిటికన్నా కష్టమైంది. పాఠం బాగా చెప్పినా, పిల్లవాడికి తిండి లేకపోతే, పడుకోడానికి చోటు లేకపోతే ఆ పాఠం నిలవదు. ఇది బాబాసాహెబ్‌కు ఒంటి మీద తెలిసిన విషయం. 1924 జూలైలో బహిష్కృత హితకారిణీ సభ పెట్టాడు. 1925 జనవరికల్లా షోలాపూర్‌లో హాస్టల్ మొదలైంది. ముందు గూడు, తర్వాత ఉపన్యాసం.

1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడయ్యాడు. ఆ ఏడాది అక్టోబరులోనే షెడ్యూల్డు కులాల కష్టాల మీద వైస్రాయ్‌కి ఒక మహజరు ఇచ్చాడు. ఫలితంగా పై చదువులకు ఏటా 3 లక్షల రూపాయలు మంజూరయ్యాయి. కొందరు విద్యార్థులు విదేశాలకు వెళ్ళి చదివారు. ఆ మహజరులో ఆయన ఒక సలహా ఇచ్చాడు. మన పిల్లలకు ఆర్ట్స్, లా చదువుల కన్నా సైన్సు, టెక్నాలజీలో పై చదువులు ఎక్కువ మేలు చేస్తాయి, అవి ఖరీదైనవి కాబట్టి సర్కారు సాయం చెయ్యాలి అని. తాను చదివింది అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం. అయినా నాలాగే చదవండి అనలేదు. బి.ఏ. చదివిన నేను ఇది చదివినప్పుడు కొంచెం నొచ్చుకున్నమాట నిజం. తర్వాత అర్థమైంది. సలహా ఇచ్చేవాడు తన బతుకును కొలబద్దగా పెట్టుకోకూడదు. ఎదుటివాడి బతుకును చూడాలి.

మిళిందుడి పేరు పెట్టిన కాలేజీ

1945 జూలై 8న పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. 1946 జూన్ 20న బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ మొదలైంది. దాని భవనాల పేర్లు బుద్ధ భవన్, ఆనంద్ భవన్. అన్ని కులాల పిల్లలకూ తలుపులు తెరిచిన కాలేజీ అది. 1950లో ఔరంగాబాద్‌లో ఇంకో కాలేజీ పెట్టాడు. అప్పుడు ఔరంగాబాద్ మన హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది. 1951 సెప్టెంబరు 1న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. తర్వాత ఆ కాలేజీకి మిళింద మహావిద్యాలయ అని పేరొచ్చింది. 1953 జనవరి 12న మన ఉస్మానియా యూనివర్సిటీ బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

కాలేజీకి గురువు నాగసేనుడి పేరు పెట్టొచ్చు. ప్రశ్నలడిగిన మిళిందుడి పేరు ఎందుకు? మిళింద ప్రశ్నలు చదివితే తెలుస్తుంది. మనతో చర్చిస్తారా అని గ్రీకు రాజు మిళిందుడు అడిగితే, పండితుల్లా మాట్లాడితే చర్చిస్తాను, రాజుల్లా మాట్లాడితే చర్చించను అంటాడు నాగసేనుడు. తేడా ఏంటంటే, పండితులు ఒకరి మాట ఒకరు విప్పుతారు, తప్పు చూపిస్తారు, ఓడినా కోపం తెచ్చుకోరు. రాజులైతే కాదన్నవాణ్ణి శిక్షిస్తారు. రాజు సరే అన్నాకే చర్చ మొదలైంది. ప్రొఫెసర్ గదిలో ప్రొఫెసరే రాజు. మార్కులు ఆయన చేతిలో ఉంటాయి. ఆ గదిలోకి భయంతో వచ్చే మొదటి తరం పిల్లవాడితో ఆయన రాజులా మాట్లాడతాడా, పండితుడిలా మాట్లాడతాడా? ప్రశ్న అడిగేవాడి పేరుతో కాలేజీ ఉండడంలో నాకు కనిపించే అర్థం ఇదే.

మద్రాసులో ఒక తెలుగు ప్రొఫెసర్

మన తెలుగువాళ్ళు తప్పక తెలుసుకోవలసిన పేరు ఇంకొకటుంది. పోకల లక్ష్మీనరసు. 1861లో పుట్టాడు, 1934లో చనిపోయాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో, తర్వాత పచ్చయప్ప కాలేజీలో సైన్సు చెప్పాడు. పండిత అయోతీ దాస్ నడిపిన మద్రాసు దళిత బౌద్ధుల ఉద్యమంతో కలిసి పని చేశాడు. 1907లో, అంటే కేలూస్కర్ బుద్ధుడి చరిత్రను కుర్రాడి చేతిలో పెట్టిన ఏడాదే, లక్ష్మీనరసు ఇంగ్లీషులో బౌద్ధ సారం అనదగిన పుస్తకం అచ్చువేశాడు. సైన్సు పంతులు కదా, బుద్ధుడి జీవితం అవగానే రెండో అధ్యాయంలోనే ధమ్మం హేతుబద్ధతకు నిలుస్తుందా అని చర్చించాడు. తర్వాత నీతి, ఆ తర్వాత కులం, ఆ తర్వాత స్త్రీ. నాలుగు ఆర్యసత్యాలు ఆ తర్వాతే వస్తాయి. 1922లో కులం మీద ఇంకో పుస్తకం రాశాడు.

ఆ మొదటి పుస్తకం దొరక్కుండా పోతే 1948లో బాబాసాహెబ్ తానే ముందుమాట రాసి మళ్ళీ అచ్చు వేయించాడు. బౌద్ధం మీద మంచి పుస్తకం చెప్పమని అడిగినవాళ్ళకు చూపడానికి ఇంతకంటే మంచిది లేదని రాశాడు. లక్ష్మీనరసు జీవిత వివరాలు అందించింది పట్టాభి సీతారామయ్య గారు. కానన్ తన పుస్తకానికి రాసినట్టే, బాబాసాహెబ్ అప్పటికే చనిపోయిన ఒక తెలుగు ప్రొఫెసర్ పుస్తకానికి ముందుమాట రాశాడు. ఒకరి దగ్గర పుచ్చుకున్నది ఇంకొకరికి తిరిగి ఇచ్చాడు.

చివరి బాధ, మన పని

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ధమ్మదీక్ష తీసుకున్నాడు. డిసెంబరు 6న పరినిర్వాణం చెందాడు. అదే ఏడాది మార్చిలో ఆగ్రా సభలో ఆయన కన్నీళ్ళు పెట్టుకున్న సంగతి చెప్తారు. చదువుకున్నవాళ్ళు వెనక్కి తిరిగి తమ జనాన్ని చూస్తారనుకున్నాడు. వాళ్ళు ఉద్యోగం, సంసారం చూసుకుని ఊరుకున్నారు. ఆ మాట ఎవరి గురించో అనుకోవద్దు. బి.ఏ. పాసై, తలుపు తట్టడం నేర్చుకుని, ఆ తర్వాత పదేళ్ళు ఇంకెవరికీ ఆ తలుపు చూపించని నా గురించి కూడా.

మా డొంకరాయి డ్యాం దగ్గరి పవర్‌హౌస్ సామర్థ్యం 25 మెగావాట్లు. అవే నీళ్ళు కాలవలో ప్రయాణం చేసి మోతుగూడెం దగ్గర పొల్లూరులో కిందికి దూకితే 460 మెగావాట్లు. నీళ్ళు మారలేదు. దారి కుదిరింది, అంతే. మా పిల్లల తెలివి కూడా అంతే. కొండ మీద నిలవున్న నీళ్ళు. మనం వాళ్ళకు కాలవ కావాలి. కాలవ నీళ్ళను తన దగ్గర ఉంచుకోదు, చేర్చి వదిలేస్తుంది.

అందుకే మా ఆదివారం కూడికలో త్రిసరణం, పంచశీల అయ్యాక మేం ఇప్పుడు ఒక పని పెట్టుకున్నాం. కొండ దిగిన ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ చదువుకున్న పెద్దవాళ్ళు ఒకరు. మొదటి ఆరు నెలలు వారానికోసారి ఫోను. మా ఊళ్ళలో సిగ్నల్ దొరక్కపోతే సంత రోజున కిందికి వెళ్ళినప్పుడైనా ఫోను. ఫీజు గడువు, స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాస్టల్ సీటు ముందే కనుక్కోవడం. మొదటిసారి లెక్చరర్ గారి గదికి తోడుగా వెళ్ళడం, తలుపు తట్టేది మాత్రం వాళ్ళే. ఏ సబ్జెక్టు తీసుకోవాలో మనం చెప్పకూడదు. ఎంచుకోడానికి ఏమేం ఉన్నాయో చెప్పాలి. వాళ్ళు మనతో విభేదిస్తే సంతోషించాలి. ఐదేళ్ళయ్యాక వదిలెయ్యాలి.

మీ ఊళ్ళో కూడా తోటలోనో, అరుగు మీదో, వీధి దీపం కిందో ఒక కుర్రాడు, ఒక అమ్మాయి పుస్తకం పట్టుకుని కూర్చునుంటారు. వాళ్ళొచ్చి అడిగేదాకా ఆగకండి. కేలూస్కర్ లేచి వెళ్ళినట్టు లేచి వెళ్ళండి. కల్యాణమిత్రుడంటే అదే.

నమో బుద్ధాయ. జై భీమ్.